ఇంజను లోపల గీకకండి, బయట మార్చండి



పోస్టు కాస్త పొడవే. మధ్యాహ్నం అన్నం తిన్నాక తీరిగ్గా చదవండి. గడ్డి కోసే బ్రష్ కట్టరు గానీ, వీపుకి తగిలించుకునే పవర్ స్ప్రేయరు గానీ ఉన్న ప్రతి ఇంటికీ పనికొచ్చే సంగతి ఇది.

మన వైపు ఈ రెండు మిషన్లూ లేని వీధి ఇప్పుడు అరుదు. వరి గట్ల మీద గడ్డికి, కొబ్బరి తోటలో కలుపుకి, చేపల చెరువు గట్లకి బ్రష్ కట్టరు. వరికి, అరటికి, కోకోకి, కడియం వైపు నర్సరీలకి మందు కొట్టాలంటే పవర్ స్ప్రేయరు. వీటిలో చాలావాటికి ఉండేది చిన్న టూ స్ట్రోక్ ఇంజనే. స్ప్రేయరుకి 26 సీసీ, కట్టరుకి 43 నుంచి 52 సీసీ దాకా ఉంటుంది. అరచేతిలో పట్టే సిలిండరు, దాని మీద మన పనంతా నడుస్తోంది.

ఈ ఇంజన్లని "పికప్ చాలట్లేదు" అని విప్పి లోపల గీకే అలవాటు ఈ మధ్య బాగా కనపడుతోంది. కొందరు షాపులో చేయిస్తున్నారు. కొందరు ఫోన్లో వీడియో చూసి, పాక పక్కన చిన్న గ్రైండరు, ఆకురాయి, డ్రిల్లు పెట్టుకుని సొంతంగానే చేసేస్తున్నారు. పోర్టు పెద్దది చేయడం, సైలెన్సరు లోపల జాలీ పీకేయడం, కింద గ్యాస్కెట్ తీసేయడం, కార్బరేటరు స్క్రూ తిప్పేయడం. అయ్యాక తాడు లాగి రేసు ఇస్తే మోత వీధి చివరి దాకా వినపడుద్ది. "చూశావా బాబాయ్, ఎలా మారిందో" అంటారు.

నా మాట ముందే చెప్పేస్తాను. ఇంటి దగ్గర రిపేరు చేసుకోవడానికి నేను వ్యతిరేకిని కాను. రైతన్నవాడి ఇంట్లో స్పానర్ల పెట్టె ఉండాలి, దాన్ని వాడే చెయ్యీ ఉండాలి. కానీ చిన్న టూ స్ట్రోక్ ఇంజను లోపల గీకితే మన పొలం పనికి వచ్చే లాభం దాదాపు ఏమీ లేదు. వచ్చే నష్టం మాత్రం మిషను మోసేవాడి మీద పడుద్ది. మన తెలివంతా ఇంజను బయట పెడదాం. అక్కడ చేయాల్సిన పని బోలెడు ఉంది.

మన జిల్లాల్లో ఈ చెయ్యి తిరిగినతనం ఊరికే రాలేదండి. 1980లో వచ్చిన టీవీఎస్ 50 మీద పాల క్యాన్లు, ఎరువు బస్తాలు, గడ్డి మోపులు మోసిన ఊళ్ళు మనవి. 1985 నుంచి 1996 దాకా తయారైన యమహా ఆర్‌ఎక్స్ 100 అంటే ఇప్పటికీ కుర్రాళ్ళు ప్రాణం పెడతారు. ఆ బళ్ళ బోరు చేయించడం, పోర్టులు సవరించడం, సైలెన్సరు మార్చడం తెలిసిన మెకానిక్కులు రాజమండ్రి, కాకినాడ, భీమవరం లాంటి ఊళ్ళలోనే కాదు, చిన్న సెంటర్లలోనూ తయారయ్యారు. 2015లో ఎక్స్‌ఎల్ 100 ఫోర్ స్ట్రోకుగా వచ్చింది. 2017లో దేశమంతా బీఎస్ 4 రూలు పెట్టారు. దాంతో రోడ్డు మీద కొత్త టూ స్ట్రోకు బండి కనపడకుండా పోయింది. రోడ్డు మీద పోయిన ఇంజను మన వీపు మీద మిగిలింది. ఆర్‌ఎక్స్ మీద నేర్చిన విద్యే ఇప్పుడు గడ్డి మిషను మీద ప్రయోగిస్తున్నారు. చిక్కంతా ఇక్కడే ఉంది.

ఎందుకో తెలియాలంటే ఈ ఇంజను ఎలా పనిచేస్తుందో రెండు ముక్కలు చెప్పుకోవాలి. తెలిసినవాళ్ళు ఈ పేరా దాటేయండి. ఫోర్ స్ట్రోకులో గాలి లోపలికి రావడానికి, పొగ బయటికి పోవడానికి వాల్వులు ఉంటాయి. మన చిన్న టూ స్ట్రోకులో అవి ఉండవు. సిలిండరు గోడకి కిటికీల్లాగా కన్నాలు ఉంటాయి, వాటినే పోర్టులంటారు. పిస్టనే తలుపు. పేలిన తర్వాత పిస్టన్ కిందికి దిగుతూ ముందు పొగ పోర్టు తెరుస్తుంది, ఆ వెంటనే కొత్త పెట్రోలు-గాలి వచ్చే పోర్టు తెరుస్తుంది. కాసేపు రెండూ తెరిచే ఉంటాయి. అప్పుడు పొగతో పాటు కొంత కొత్త పెట్రోలు కూడా కాలకుండానే బయటికి పోతుంది. కార్బరేటరు ఉన్న టూ స్ట్రోకులో మనం పోసిన పెట్రోల్లో మూడో వంతు దాకా ఇలా వృథాగా పోవచ్చు. సైలెన్సరు దగ్గర పచ్చి పెట్రోలు వాసన అందుకే.

అంటే ఈ ఇంజనుకి పుట్టుకతో వచ్చిన లోపం బలం చాలకపోవడం కాదు, కారిపోవడం. ఆ కారే కన్నాన్నే మనం ఇంకా పెద్దది చేస్తున్నాం. పొగ పోర్టు పైకి గీకితే అది ముందే తెరుచుకుంటుంది. పేలుడు బలం పిస్టన్‌ని పూర్తిగా నెట్టకముందే బయటికి పోద్ది. బాగా ఎక్కువ స్పీడులో తిరిగేటప్పుడు కొంచెం బలం పెరగొచ్చు, అది రేసు బండికి కావాలి. మనకి కావాల్సింది తుంగ గడ్డి బ్లేడుకి చుట్టుకున్నప్పుడు ఆగిపోకుండా లాగే బలం. అది తక్కువ, మధ్య స్పీడులో ఉండాలి. పోర్టు గీకితే పోయేది సరిగ్గా అదే. ఖాళీగా రేసు ఇస్తే అదిరిపోద్ది, గడ్డిలో పెడితే గొణుగుద్ది. అప్పుడు ఇంకా రేసు ఇస్తాం. ఇంకా పెట్రోలు తాగుద్ది.

ఆర్‌ఎక్స్ విద్య ఇక్కడ చెల్లకపోవడానికి ఇంకో కారణం సిలిండరు లోహం. ఆర్‌ఎక్స్ లాంటి బళ్ళకి లోపల పోత ఇనుము స్లీవు ఉంటుంది. అరిగినా, గీత పడినా బోరు కొట్టించి సైజు పెద్ద పిస్టన్ వేసుకోవచ్చు. గడ్డి మిషన్లలో చాలావాటికి సిలిండరు అల్యూమినియం, లోపలి గోడ మీద సన్నటి గట్టి పూత మాత్రమే ఉంటుంది. గ్రైండరు ముట్టుకుంటే పోర్టు అంచున ఆ పూత లేచిపోద్ది. అక్కడ రింగు తగులుకుంటుంది. ఒకసారి పూత లేచిందంటే బోరు కొట్టించే దారి లేదు, సిలిండరు కొత్తది కొనాల్సిందే.

హెడ్డు గీకి కంప్రెషన్ పెంచుదామంటే, వీటిలో చాలావాటికి విడిగా హెడ్డే ఉండదు. సిలిండరు, హెడ్డు ఒకే పోత. అందుకని కింద గ్యాస్కెట్ తీసేస్తారు, లేదా పలచటిది వేస్తారు. సిలిండరు మొత్తం కిందికి దిగుద్ది. దాంతో పోర్టులు తెరుచుకునే వేళలన్నీ మారిపోతాయి. కంప్రెషనుతో పాటు వేడి కూడా పెరుగుద్ది. దాళ్వా కోతల ఎండలో, గాలి ఆడని తోటలో, రెక్కల సందుల్లో గడ్డి పొట్టు పేరుకున్న ఇంజనుకి ఆ వేడి తట్టుకునే ఓపిక ఉండదు.

ఇక సైలెన్సరు. "లోపల అడ్డం తీసేస్తే ఊపిరి ఆడుద్ది" అంటారు. టూ స్ట్రోకులో సైలెన్సరు మోత తగ్గించే డబ్బా మాత్రమే కాదండి. 1950ల్లో తూర్పు జర్మనీలో ఎంజెడ్ అనే మోటారు సైకిళ్ళ కంపెనీలో వాల్టర్ కాడెన్ అనే ఇంజనీరు ఉండేవాడు. పొగ గొట్టం ఆకారం సరిగ్గా ఉంటే, అందులో వెనక్కి కొట్టే అల, బయటికి జారిపోతున్న పెట్రోలుని మళ్ళీ సిలిండర్లోకి నెట్టగలదని ఆయన పట్టుకుని పనిలో పెట్టాడు. 1961లో ఆ కంపెనీ రేసరు ఎర్నెస్ట్ డెగ్నర్ దేశం దాటి ఆ విద్యని జపాన్ సుజుకీ వాళ్ళకి అందించాడు. మరుసటి ఏడాదే, అంటే 1962లో, సుజుకీ 50 సీసీలో ప్రపంచ చాంపియన్ అయ్యింది. ఒక గొట్టం ఆకారానికి అంత విలువ ఉంది. మన గడ్డి మిషను డబ్బా ఆ స్థాయిది కాదు, నిజమే. కానీ అది పెట్టే ఎదురొత్తిడిని లెక్కలో వేసుకునే కార్బరేటరు సెట్ చేసి పంపుతారు. జాలీ పీకేస్తే ఆ లెక్క తప్పుద్ది. పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అవుద్ది. పైగా ఆ జాలీ నిప్పురవ్వలు బయటికి రాకుండా ఆపుతుంది. ఎండు గడ్డిలో, కొబ్బరి మట్టల మధ్య అది లేకుండా నడపడం ఎంత ప్రమాదమో మీకు చెప్పక్కర్లేదు.

ఇక్కడ అందరూ గుర్తు పెట్టుకోవాల్సిన మాట ఒకటుంది. ఈ ఇంజనుకి ఆయిలు వేరే దారిలో అందదు. పెట్రోల్లో కలిపిన ఆయిలే పిస్టన్‌కి, బేరింగులకి తిండి. పెట్రోలు తగ్గిందంటే ఆయిలూ తగ్గినట్టే. నిమిషానికి 7,000 సార్లు తిరిగే ఇంజనులో సెకనుకి 100కి పైగా పేలుళ్ళు అవుతాయి. అక్కడ ఆయిలు చాలకపోతే పట్టేయడానికి ఎంతోసేపు పట్టదు.

కార్బరేటరు స్క్రూ తిప్పేవాళ్ళు మోసపోయేదీ ఇక్కడే. స్క్రూ బిగించి పెట్రోలు తగ్గిస్తే మోత సన్నగా, తీక్షణంగా, వినడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. స్పీడు కూడా పెరిగినట్టు అనిపిస్తుంది. అది ఇంజను కాలిపోయే ముందు పాడే పాట. లోడు లేకుండా ఫుల్ రేసులో కాస్త తడబడినట్టు బుర్రుబుర్రుమంటుంటే అది జబ్బు కాదు, తిండి సరిపోతోందని అర్థం. గడ్డిలో పెట్టగానే శుభ్రంగా అందుకుంటుంది. ఆ తడబాటు పోగొట్టాలని స్క్రూ తిప్పి పిస్టన్లు పాడు చేసుకోకండి.

దీనికి తోడు ఇప్పుడు పెట్రోలు కూడా మారింది. 2025కల్లా దేశంలో పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలపడం వచ్చేసింది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత కార్బరేటరు ఇంజను మనం ముట్టుకోకుండానే కాస్త పలచన మిశ్రమంతో నడుస్తోంది. దాని మీద మళ్ళీ మనం జాలీ పీకి, స్క్రూ బిగించి ఇంకా పలచన చేస్తున్నాం. ఇథనాల్‌కి తేమ పీల్చే గుణం కూడా ఉంది. మన డెల్టా గాలిలో తేమకి కొదవ లేదు. నెలల తరబడి క్యానులో ఉంచిన పెట్రోల్లో నీళ్ళు చేరి, ఇథనాల్‌తో కలిసి అడుగుకి దిగిపోతాయి. అది ఇంజనులోకి వెళ్తే స్టార్ట్ అవ్వదు, అయినా ఆయిలు సరిగా అందదు. లోపలి రబ్బరు పొరలు ఉబ్బి గట్టిపడతాయి. "పికప్ పోయింది" అని విప్పే మిషన్లలో చాలావాటికి అసలు జబ్బు ఇదే.

ఇప్పటిదాకా మిషను సంగతి. ఇప్పుడు మనిషి సంగతికి వద్దాం. ఈ పోస్టు రాయడానికి అసలు కారణం అదే.

మనలో ఎంతమంది సొంతంగా స్ప్రేయరు మోస్తున్నాం? చిన్న కమతం ఉన్నవాళ్ళు, కౌలు రైతులు మోస్తున్నారు. కాస్త భూమి ఉన్నవాళ్ళు మిషను కొంటారు, ఇంజను మార్పిస్తారు, మోసేది మాత్రం కూలికి వచ్చిన కుర్రాడు. 20 లీటర్ల ట్యాంకు నిండితే నీళ్ళే 20 కిలోలు, మిషను బరువు అదనం. ఆ బరువు వీపున వేసుకుని మోకాలి లోతు బురదలో నడుస్తాడు. ఇంజను అతని తలకి జానెడు దూరంలో ఉంటుంది. సైలెన్సరు జాలీ పీకిన సరదా మనది, ఆ మోత పడే చెవి అతనిది.

మోతకి లెక్క ఉంది. 85 డెసిబెల్స్ మోతలో 8 గంటలకి మించి ఉండకూడదని అమెరికాలో పనివాళ్ళ ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ చెప్తుంది. 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ టైము సగానికి సగం తగ్గిపోతుంది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 94కి ఒక గంట, 100కి పావుగంట. సైలెన్సరు సరిగ్గా ఉన్న గడ్డి మిషనే 95 దాటుతుంది. అంటే మామూలు మిషనుతోనే గంట కూడా చెవికి ఎక్కువ. జాలీ పీకిన మిషనుతో రోజంతా పనిచేసే కుర్రాడికి 40 ఏళ్ళకే భార్య పిలుపు వినపడకపోతే దానికి బాధ్యులు ఎవరు? చెవుడు ఒక్క రోజులో రాదు. అందుకే ఎవరూ మనల్ని అడగరు. అడగరు కదా అని మనం ఊరుకోవచ్చా?

చేతుల సంగతి కూడా అంతే. చలి దేశాల్లో రంపం మిషన్లతో చెట్లు కోసే కూలీలకి వేళ్ళు తెల్లబడి తిమ్మిరెక్కే జబ్బు వస్తోందని దశాబ్దాల కిందటే గుర్తించారు. కారణం మిషను వణుకు. ఆ తర్వాతే హ్యాండిల్ దగ్గర రబ్బరు బుషులు, స్ప్రింగులు పెట్టడం మొదలైంది. మన దగ్గర ఆ బుషులు అరిగిపోతే తీసేసి బోల్టు బిగించేస్తాం. చలి లేదు కాబట్టి వేళ్ళు తెల్లబడటం తెలియకపోవచ్చు. రాత్రి చెయ్యి తిమ్మిరెక్కి నిద్ర పట్టకపోవడం, ముద్ద కలిపేటప్పుడు పట్టు దొరక్కపోవడం మాత్రం మన కూలీలకి కొత్త కాదు.

బ్లేడు ప్రమాదం వేరే. ప్రతి బ్లేడు మీదా అది నిమిషానికి ఎన్ని చుట్ల వరకు తట్టుకుంటుందో రాసి ఉంటుంది. ఇంజను స్పీడు పెంచాక ఆ లెక్క ఎవరు చూస్తున్నారు? గట్టులో రాయో, మేకో తగిలితే విరిగిన ముక్క బుల్లెట్‌లా పోద్ది. ఐడిల్ స్పీడు పెంచేస్తే క్లచ్ వదలదు, రేసు వదిలినా బ్లేడు తిరుగుతూనే ఉంటుంది. మిషను పక్కన పెట్టి గడ్డి లాగుదామని వంగినప్పుడు కాళ్ళ దగ్గర తిరిగే బ్లేడు ఏం చేస్తుందో ఊహించుకోండి.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. "మీరు చెప్పేది బాగానే ఉంది. కూలీలు దొరకట్లేదు. ట్యాంకుకి ఇంత, ఎకరానికి ఇంత అని లెక్క. ఆ కుర్రాడే వచ్చి, కాస్త స్పీడు పెంచండన్నా, ఇంకో ఎకరం కొట్టుకుంటా అంటున్నాడు" అని. నిజమే. సాగు గిట్టక 2011లో కోనసీమ రైతులు సార్వాకి పంట విరామమే ప్రకటించారు. కూలీల కొరత, ఖర్చుల బాధ మనకి ఎవరూ వేరే చెప్పక్కర్లేదు.

దానికి నా జవాబు ఒకటే. ఒక రోజు గడియారం పట్టుకుని చూడండి. మందు కొట్టే గంటలో ఇంజను ఫుల్లుగా పనిచేసేది ఎన్ని నిమిషాలు? నీళ్ళు తేవడం, మందు కలపడం, ట్యాంకు నింపడం, ఎత్తుకోవడం, గట్టు దాటడం, నాజిల్ మూసుకుపోతే ఊదడం, తాడు పదిసార్లు లాగడం, వీటికి ఎన్ని నిమిషాలు? లెక్క రాసుకుంటే టైము ఎక్కడ పోతోందో మీకే తెలుస్తుంది. గట్టు మీద డ్రమ్ము పెట్టి నీళ్ళు దగ్గరికి తెస్తే మిగిలే టైము పోర్టు గీకితే మిగలదు. స్ప్రేయర్లో మనిషి నడిచే వేగాన్ని దాటి ఇంజను ఎంత తిరిగినా లాభం లేదు. ప్రెషరు మరీ ఎక్కువైతే మందు పొగమంచులా గాలికి కొట్టుకుపోయి పక్క చేలో, కొట్టేవాడి ముఖం మీద పడుద్ది. గడ్డి మిషనులో కూడా అంతే, మొద్దు బ్లేడుతో 2 హార్స్ పవర్ చేయలేని పని పదునైన బ్లేడుతో 1 హార్స్ పవర్ చేస్తుంది.

మరి ఇంట్లో స్పానర్లు పట్టుకున్నవాడు ఏం చేయాలి? చేయాల్సిన పని చాలా ఉందండి.

మొదటిది, పోయిన బలాన్ని వెనక్కి తెచ్చుకోవడం. సైలెన్సరు విప్పండి. తాడు మెల్లగా లాగి పిస్టన్ పొగ పోర్టుని మూసేలా పెట్టండి. చెక్క పుల్లతో పోర్టు అంచున పేరుకున్న మసి గీకేయండి. ఇనుము వాడకండి. సైలెన్సరు జాలీని పీకకుండా శుభ్రం చేయండి. నేను "గీకమని" చెప్పే గీకుడు ఇదొక్కటే. మసి పట్టి సగం మూసుకుపోయిన పోర్టు తెరుచుకుంటే మిషను కొత్తదానిలా లాగుతుంది. ఖర్చు ఒక గంట టైము.

రెండోది, ఆయిలు లెక్క. మిషను పుస్తకంలో 25కి 1 అని ఉంటే లీటరు పెట్రోలుకి 40 మిల్లీ లీటర్లు. 40కి 1 అంటే 25 మిల్లీ లీటర్లు. 50కి 1 అంటే 20. సీసా మూతతో అందాజాగా పోయకండి. మందుల షాపులో దొరికే సిరంజి గానీ, దగ్గు మందు కొలత మూత గానీ చాలు. టూటీ ఆయిలే వాడండి. ట్రాక్టరు ఆయిలు, కాలిన ఆయిలు పోయకండి. కలిపిన పెట్రోలు నెల లోపు వాడేయండి. సీజను అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, కార్బరేటర్లో ఉన్నది కూడా అయిపోయేదాకా నడిపి ఆపండి. దాళ్వాకి తీస్తే మొదటి లాగుడుకో రెండో లాగుడుకో అందుకుంటుంది.

మూడోది, గాలి ఫిల్టరు, ప్లగ్గు, కార్బరేటరు రబ్బరు పొరలు. ప్లగ్గు విప్పి చూస్తే ఇంజను ఆరోగ్యం తెలుస్తుంది. ఇటుక రంగు, లేత కాఫీ రంగు ఉంటే మంచిది. నల్లగా జిడ్డుగా ఉంటే ఆయిలో పెట్రోలో ఎక్కువ, లేదా ఫిల్టరు మూసుకుపోయింది. తెల్లగా ఉంటే పలచన నడుస్తోంది, వెంటనే ఆపి కారణం వెతకండి.

నాలుగోది, ఇదే అసలైనది, బయటి మార్పులు. బెల్టులకి మెత్త వేయండి, బరువు భుజం మీద కాకుండా నడుము మీద పడేలా పట్టీ కుట్టించండి. హ్యాండిల్‌కి రబ్బరు బుషులు మార్చండి. వెల్డింగ్ వస్తే గడ్డి మిషనుని రెండు సైకిలు చక్రాల ఫ్రేము మీద కూర్చోబెట్టండి, కొబ్బరి తోట లాంటి చదును నేలలో మోత మోయక్కర్లేదు. పెద్ద తోటకి ఇంజనుని వీపు మీద నుంచి దించి గట్టు మీదో బండి మీదో పెట్టి, పొడవాటి పైపు లాగి కొట్టే ఏర్పాటు చూడండి. మిషను నాట్లు వేసిన చేలో సాళ్ళ మధ్య 30 సెంటీమీటర్లు ఉంటుంది, కట్టరు చివర కలుపు తీసే చక్రం తగిలించి నడపడానికి చోటు ఉంది. దానికి బురద చిమ్మకుండా డిప్ప చేయడం, లోతు ఎక్కువ దిగకుండా స్కీ లాంటి పలక పెట్టడం, ఇవన్నీ మన షెడ్లలో అయ్యే పనులే. బ్లేడు గార్డు పీకేసినవాళ్ళు మళ్ళీ బిగించండి. నాజిళ్ళు అరిగితే మార్చండి, ఒక నిమిషం బకెట్‌లో కొట్టి కొలిస్తే ఏది అరిగిందో తెలిసిపోద్ది. చెవులకి ఫోము ప్లగ్గులు కొని కూలీకి ఇవ్వండి. దూది కుక్కుకుంటే చాలదు.

ఇంజను లోపల నిజంగా పనికొచ్చే మార్పు అసలు లేదా అంటే, ఉంది. ఫిలిప్పీన్స్‌లో విగాన్ లాంటి ఊళ్ళలో టూ స్ట్రోకు ట్రైసైకిల్ టాక్సీలు నడిచేవి. అమెరికాలో కొలరాడో స్టేట్ యూనివర్సిటీ నుంచి పుట్టిన ఎన్విరోఫిట్ అనే సంస్థ వాటికి ఒక కిట్ తయారు చేసింది. పొగ పోర్టు మూసుకునే వేళకి పెట్రోలుని నేరుగా సిలిండర్లోకి చిమ్మే ఏర్పాటు అది. కారిపోయే పెట్రోలు కారకుండా ఆగింది. డ్రైవర్లకి పెట్రోలు ఖర్చు బాగా తగ్గింది, పొగా తగ్గింది. చూడండి, వాళ్ళు కూడా పోర్టు పెద్దది చేయలేదు. ఇంజను అసలు లోపం ఏంటో చూసి దాన్ని మూశారు. అలాంటి పని లేబొరేటరీ ఉన్నవాళ్ళు చేస్తారు, మన గ్రైండరుతో అవదు.

మన తెలుగు నేల మీదే ఇంకో ఉదాహరణ ఉంది. ఆలేరు దగ్గర శారాజీపేటకి చెందిన చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం కనిపెట్టారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. చీర నేయడానికి ముందు ఆసు పోయాలంటే చేయి వేల సార్లు అటూ ఇటూ తిప్పాలి. ఆ పనితో తల్లి భుజం పడే బాధ చూడలేక ఆయన ఏళ్ళ తరబడి కష్టపడ్డారు, యంత్రానికి ఆమె పేరే పెట్టారు. గుజరాత్‌లో అమ్రేలీ జిల్లా మన్సుఖ్‌భాయ్ జగానీ బుల్లెట్ బండి వెనక చక్రం తీసి, ఆ చోట గొర్రు, గుంటక తగిలించే ఏర్పాటు చేసి చిన్న రైతు సాగు చేసుకునేలా చేశాడు. ఇద్దరూ పెద్ద చదువులు చదివినవాళ్ళు కాదు. వర్క్‌షాపులో కూర్చున్నప్పుడు ఇద్దరి ముందూ ఉన్న ప్రశ్న "ఇది ఎంత స్పీడు పోద్ది" అని కాదు. "పని చేసే మనిషికి ఎక్కడ నొప్పి పుడుతోంది" అని.

మన షెడ్లలోనూ ఆ ప్రశ్నే పెట్టుకుందాం. కుర్రాళ్ళని "ముట్టుకోకు, పాడు చేస్తావ్" అని తరమకండి. విప్పనివ్వండి, నేర్చుకోనివ్వండి. పాడైపోయి మూల పడేసిన ఇంజను ఉంటే దాన్ని వాళ్ళ చేతికిచ్చి పోర్టులు చూపించండి. కానీ రేపు కూలీ వీపు మీదికి ఎక్కే ఇంజను మీద ప్రయోగాలు వద్దు. దాని మీద ఏ మార్పు చేసినా, ముందు మనమే ఒక పూట తగిలించుకుని చేలో నడుద్దాం. మన చెవి, మన చెయ్యి, మన నడుము ఒప్పుకుంటేనే ఇంకొకరికి ఇద్దాం.

మీరు మీ మిషన్లకి బయట ఏమేం మార్పులు చేశారో, చక్రాల ఫ్రేము, బెల్టు, కలుపు చక్రం, ఏదైనా సరే, ఫొటోతో పాటు కింద పెట్టండి. కొలతలు కూడా రాయండి, పక్క ఊరివాళ్ళు చేయించుకుంటారు. పోర్టు గీకి లాభపడ్డామనేవాళ్ళు కూడా రాయండి. ఎకరానికి పెట్రోలు గీకక ముందు ఎంత, గీకాక ఎంత, ఆ లెక్కతో రాయండి. మోత లెక్క వద్దు. ఆయ్, ఉంటానండి.